నూనె రాసిన చేతికి రెండు చీటీలు

ప్రియమైన సహోదరీ సహోదరులారా, నాలుగు ఆదివారాలుగా పాస్టరయ్యగారు లేచి సాక్ష్యం చెప్పమంటున్నా నేను తల వంచుకునే కూర్చున్నాను. చెప్పడానికి ఏమీ లేక కాదు, ఒంట్లో, మనసులో సత్తువ లేక. ఈ ఎండాకాలం నేనెంత అలసిపోయానో నా ప్రభువుకు తెలుసు. అయినా ఆయన చేసిన మేలును కడుపులో దాచుకుని తిరగడం నా వల్ల కావడం లేదు, అందుకే లేచాను.

మా దీవెన మీ అందరికీ తెలిసిన పిల్లే. అది చదివే బడి ఏడో తరగతితో అయిపోయింది. ఎనిమిదికి ఎక్కడ వేయాలి? అక్కడి నుంచి మొదలయ్యాయి నా తిప్పలు. గురుకులంలో ఖాళీ సీట్లకు పరీక్ష రాయించాం, మంచి మార్కులే వచ్చాయి, కానీ అక్కడ మార్కులు ఒక్కటే చాలవట, ఏ జిల్లా, ఏ వర్గం, ఆ వర్గంలో ఎన్నో ర్యాంకు అని చూసి వరసగా పిలుస్తారు, ఆ వరస మా దాకా రాకముందే సీట్లు అయిపోయాయి. కరీంనగర్‌లో ఒక మంచి బడి ఉందంటే బస్సెక్కి వెళ్లాం. ముందు అక్కడ చదివే పిల్లల తమ్ముళ్లకు చెల్లెళ్లకు, తర్వాత బడికి దగ్గర్లో ఇల్లున్నవాళ్లకు అన్నారు. గోదావరి ఒడ్డున బొగ్గుగనుల కాలనీలో ఉండేవాళ్లం, మేము ఎవరికి దగ్గర చెప్పండి! తిరిగి వచ్చే బస్సులో నిలబడే ఉన్నాను, ఏడవడానికి కూడా చోటు లేదు.

ఇక మిగిలింది మా కాలనీలోని ఇంగ్లిష్ మీడియం హైస్కూలు. అక్కడ గనిలో పర్మినెంటు పని ఉన్నవాళ్ల పిల్లలు ముందు. మా ఆయనది కాంట్రాక్టు పని. ఆ పిల్లలందరూ చేరాక మిగిలే కొద్ది సీట్లకు బయటివాళ్లను పిలిచి, బకెట్లో చీటీలు వేసి, ఏ పిల్ల చీటీ ఆ పిల్ల చేతనే తీయిస్తారు. సీటు అని ఉంటే సీటు, తెల్ల కాగితం వస్తే ఇంటికి. వెయిటింగ్ అని ఉన్న చీటీలు కొన్ని ఉంటాయి, ఎవరైనా చేరకపోతే వాళ్లను పిలుస్తారు.

మా అత్తమ్మ విశ్వాసం మీకు తెలుసు. దొరకబోయే మేలుకు ముందే కృతజ్ఞత చెల్లించాలంటుంది ఆవిడ. చీటీలు తీయకముందు ఆదివారమే ఈ మైకు పట్టుకుని, "నా మనవరాలికి దేవుడు సీటు ఇచ్చిండు, హల్లెలూయా!" అని సాక్ష్యం చెప్పేసి, అందరికీ లడ్డూలు కూడా పంచింది. మీరంతా తిన్నారు. తర్వాత చీటీల రోజు పొద్దున, పాస్టరయ్యగారు ప్రార్థించి ఇచ్చిన నూనె సీసా తీసి, నుదుట ఒక చుక్క పెడితే సరిపోయేదానికి, పిల్ల కుడిచేయి మోచేతి దాకా రాసి రాసి వదిలింది! జిడ్డు కారుతోంది అత్తమ్మా అంటే, "నువ్వు జర ఊకో బిడ్డా, అభిషేకం గట్లనే ఉంటది" అంది.

దీవెన బకెట్లో చేయి పెట్టి తీసింది. రెండు చీటీలు అంటుకుని వచ్చాయి సహోదరులారా! నూనెకు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విప్పి చూస్తే ఒకటి తెల్ల కాగితం, ఒకటి సీటు. అత్తమ్మ స్తోత్రం అని కేక వేసింది. హెడ్‌మేడమ్ మాత్రం నెమ్మదిగా, "ఒక చేతికి ఒకటే చీటీ అమ్మా, రెండూ లోపల వేసి మళ్లీ తీయాలి, అందరికీ ఇదే పద్ధతి" అంది. ఆవిడ తప్పేం లేదు. నూనె అంటిన కాగితాలు పనికిరావని కొత్తవి రాయించి కలిపింది, నా కొంగుతోనే పిల్ల చేయి తుడిపించింది. ఈసారి దీవెనకు వచ్చింది వెయిటింగ్‌లో మొదటి నంబరు. దాని వెనక నిలబడ్డ లావణ్య అనే పిల్లకు సీటు వచ్చింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో పండుకున్నా లేచినా ఒకటే ప్రార్థన. "ప్రభువా, ఒక్క సీటు ఖాళీ చేయి తండ్రీ, నీకు అసాధ్యమైనది లేదు, నీ నామానికి అవమానం రానీయకు." ఉపవాసం ఉండి అడిగాను, మోకాళ్లు కాయలు కాచేలా అడిగాను. అడిగీ అడిగీ నా గొంతంటే నాకే విసుగు పుట్టింది. సంఘంలో ఎవరు ఎదురుపడ్డా సీటు సంగతేంటని అడుగుతారని ప్రసంగం అయిపోగానే వెనక గుమ్మం నుంచి వెళ్లిపోయేదాన్ని.

బడి తెరిచాక ఒకరోజు హెడ్‌మేడమ్ ఫోన్ చేసింది. లావణ్య ఇంకా చేరలేదట, సోమవారంలోగా రాకపోతే ఆ సీటు మాదేనట. అత్తమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "దేవుడు తలుపు తెరిచిండు! నువ్వు పోయి జర అరుసుకొని రా, ఆ పిల్ల వస్తదా రాదా" అని నన్ను తోలింది.

వెళ్లాను. కాలనీ అవతల రేకుల ఇల్లు. లావణ్య తల్లి నీళ్ల పంపు దగ్గర జారిపడి కాలు విరగ్గొట్టుకుని మంచంలో ఉంది, తండ్రి ఆటో నడపడానికి వెళ్లాడు. ఆ పిల్ల పొయ్యి ముందు కూర్చుని అన్నం గంజి వారుస్తోంది. నేనెవరినో చెప్పలేదు, బడి సంగతి కనుక్కుందామని వచ్చానన్నాను. ఆ తల్లి, "ఏం జెయ్యాలక్కా, సీటైతే వచ్చింది, పిల్ల పోతే నన్ను లేపేటోళ్లు లేరు, ఒండేటోళ్లు లేరు. దాని నసీబు గట్లున్నది" అని గోడవైపు తిరిగింది. లావణ్య మాత్రం నన్ను బడి మనిషి అనుకున్నట్టుంది, చేయి తుడుచుకుని వచ్చి, "మేడమ్, ఇంకొన్ని దినాలు ఆగుతరా? మా అవ్వ లేస్తది" అని తల్లి మంచం వైపు చూస్తూ అడిగింది.

సహోదరులారా, నేను అడిగిన సీటు అలా ఖాళీ అవుతోంది. దారిలో చెట్టు కింద నిలబడి స్తోత్రం చెబుదామని నోరు తెరిచాను, మాట రాలేదు. "తండ్రీ, నేను అడిగింది ఇదేనా? ఈ ప్రార్థన నా నోట్లోంచి తీసేయి, నేనిక మోయలేను" అన్నాను. అంతే అన్నాను. ఏ దర్శనమూ రాలేదు, ఏ స్వరమూ వినిపించలేదు. కానీ ఎన్నో రోజులుగా గుండె మీద పెట్టిన బండ పక్కకు జరిగినట్టయింది. వెనక్కి వెళ్లి ఆ తల్లితో, "చెల్లే, పిల్లను బడికి తోలు. నువ్వు లేసేదాక పొద్దుగాల నేనొచ్చి ఒండిపెడత" అని చెప్పాను.

ఇంటికొచ్చి చెబితే అత్తమ్మ కుప్పకూలిపోయింది. "మరి నేను జెప్పిన సాక్ష్యం ఏమైతది? సంఘంల నా ముఖం ఎట్ల సూపెట్టాలె?" అంది. లావణ్య సోమవారానికల్లా బడిలో చేరింది. దీవెనను సర్కారు హైస్కూల్లో వేశాం, అక్కడ చీటీలు లేవు, రమ్మన్నారు, కూర్చోబెట్టారు. పిల్ల వెళ్తోంది, వస్తోంది, నాతో మాత్రం మాట మానేసింది. పొద్దున్నే ఆ ఇంటికి వెళ్లి వండి, వచ్చి మా ఇంట్లో వండి, దాని జడ వేస్తుంటే నా చేతుల్లోంచి తల లాక్కునేది. అన్నిటికంటే అదే నన్ను నలగ్గొట్టింది. పరాయి పిల్లను నిలబెట్టి నా పిల్లను పోగొట్టుకున్నానా ప్రభువా అని ఎన్నిసార్లు ఏడ్చానో.

మొన్న నాకు జ్వరం వచ్చింది. లేవలేకపోయాను. ఇవాళ రాలేనని ఆ ఇంటికి కబురు చేయమని అత్తమ్మను బతిమాలుతుంటే, దీవెన తన జడ తానే వేసుకుని చెప్పులేసుకుని బయటికి నడిచింది. ఎటు వెళ్లిందో తెలియదు. బడి వేళకు తిరిగొచ్చింది, చేతికి పసుపు, బట్టలకు పొగ వాసన. నా మంచం పక్కన నిలబడి, ఎండాకాలం తర్వాత మొదటిసారి నోరు విప్పింది. "నువ్వు కూర మస్తు సప్పగ ఒండుతున్నవట అవ్వా. లావణ్య చెప్పింది. పాపం, నీకు చెప్పనీకి మొఖమాటమై తింటున్నరట. ఇయాల నేను కారం మంచిగేసిన" అంది, నవ్వింది.

నేను దుప్పటి ముఖం మీదికి లాక్కుని ఏడ్చాను సహోదరులారా! ఆ దుప్పటి కిందే స్తోత్రం చెప్పాను, ఆ రోజు మాట తడబడలేదు. మూల కూర్చున్న అత్తమ్మ కూడా కళ్లు ఒత్తుకుంటూ ఆమేన్ అంది. దేవునికే మహిమ!

మీలో అడిగీ అడిగీ అలసిపోయినవాళ్లు ఉంటారు. సంఘంలో ముఖం చూపించలేక వెనక గుమ్మం నుంచి వెళ్లేవాళ్లు ఉంటారు. ఓపిక తెచ్చుకుని ఆయన దగ్గరకు వద్దామని ఆగకండి, నాలాగే ఓపిక లేకుండానే రండి, అడగడం చేతకాకపోతే చేతకాదనే చెప్పండి, ఆయన వింటాడు. నా అలసట ఇంకా తీరలేదు, లావణ్య తల్లి ఇంకా గోడ పట్టుకునే నడుస్తోంది. రేపు పొద్దున మళ్లీ వెళ్లాలి. దీవెన తానూ వస్తానంది.