ముద్దమాటకు నవ్విన రోజు

తెలంగాణ కోసం సమ్మె సాగుతున్న రోజులవి. మాది భూపాలపల్లి. బొగ్గుబాయిలో పనిచేసే మా ఆయనకు క్యాన్సరని నాలుక సగం తీసేశారు. ఆపరేషనైన ఆరు వారాల్లోపు రేడియేషన్ మొదలవ్వాలని, ఆలస్యమైతే రోగం తిరగబెడుతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆరో వారం రానే వచ్చింది. బస్సులు బంద్. జీపు మాట్లాడుకుని హైదరాబాద్ బయలుదేరాం.

జనగామ దగ్గర రోడ్డు మీద బైఠాయించినవాళ్లు జీపు ఆపారు.

"అన్నా, జై తెలంగాణ అను, తొవ్వ ఇడుస్తం" అన్నాడొకడు.

తన బాయివాళ్లూ సమ్మెలోనే ఉన్నారు కదా, మా ఆయన హుషారుగా నోరు తెరిచాడు. ముద్దముద్దగా ఏదో శబ్దం వచ్చింది.

"పొద్దుగాల్నే తాగిండు!" అని అందరూ గొల్లున నవ్వారు. ఆయన తల దించుకున్నాడు.

నాకు ఒళ్లు మండింది. జీపు దిగాను.

"మన తెలంగాణ మాటకు నవ్విన్రనే గదా మీరు రోడ్డెక్కింది? నాలుక కోసిన మనిషి మాటకు మీరెట్ల నవ్వుతరు? ఈ వారం దాటితె ఈయన నాకు దక్కడు. జరుగుండ్రి!"

నవ్వు ఆగిపోయింది. తాగిండన్నవాడే లేచి అడ్డం పెట్టిన రాళ్లు తీశాడు. మా ఆయన మళ్లీ అదే ముద్దమాటతో నినాదమిచ్చాడు. ఈసారి రోడ్డంతా "జై తెలంగాణ" అని బదులు పలికింది.

ఆ వారంలోనే రేడియేషన్ మొదలైంది. తర్వాత రాష్ట్రమూ వచ్చింది. ఆయన మాట ఇప్పటికీ ముద్దగానే ఉంటుంది. ఎవరైనా నవ్వితే నేను ఇప్పటికీ జీపు దిగుతాను.