తెల్ల సానరాయి

మామిడికుదురులో లేత్ షాపు మా బావగారిది. హైస్పీడ్ స్టీల్ టూల్స్ సానపట్టే గ్రైండరు రాయి అరిగిపోతే, కొత్తది కొనడానికి ఇద్దరం రావులపాలెం వెళ్ళేవాళ్ళం. బూడిదరంగు రాయి టూలుని ఊరికే వేడెక్కించేస్తుందని తెల్లదే అడిగేవారు. దాని నడిమి కన్నంలో వేలు దూర్చి వేలాడదీసి, స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా కొట్టేవారు. ఖంగుమంటే మంచిది. డొల్లగా మోగితే లోపల బీట ఉన్నట్టు. తిరిగేటప్పుడు పగిలి మొహం మీదికొస్తుంది. లేత్ మోతకి ఆయన చెవులు ఎప్పుడో మొద్దుబారాయి. అందుకే ఒకసారి కొట్టి, రాయిని పక్కనున్న నా వైపు చాపేవారు.

"నువ్వూ కొట్టి వినవయ్యా. పలికిందా?"

"ఆయ్, పలికిందండీ."

ఆ మాట మీదే కొనేవారు.

ఆయన పోయాక, మొన్న ఒక్కణ్ణే వెళ్ళాను. ఏడుపేమీ రాలేదు. అరటిగెలల లారీలు, ఎండ, దుమ్ము, అన్నీ మామూలుగానే ఉన్నాయి. తెల్ల రాయి అడిగాను. వేలికి తగిలించి కొట్టాను. ఖంగుమంది.

షాపాయన బల్ల చుట్టూ తిరిగి నా పక్కకొచ్చి రాయి అందుకున్నాడు.

"ప్యాక్ చేసెయ్యమంటారాండీ?"

అప్పుడు చూసుకున్నాను. నా చెయ్యి పక్కకి చాచి ఉంది.