పెద్ద తుపాకీ బొట్టు

గుణదల దగ్గర, రంగు గుండ్లు పేల్చుకుని ఆడే పెయింట్‌బాల్ గ్రౌండులో మెకానిక్ కృపానందం ప్రతి శనివారం పొద్దున్నే అక్కడున్న ఒకే ఒక్క ఎలక్ట్రానిక్ తుపాకీని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. తప్పు ఎక్కడుందో తెలిసినా ముందు బ్యాటరీ మారుస్తాడు, ట్రిగ్గర్ నొక్కుతాడు, నిట్టూరుస్తాడు. ఓనరు వెంకటరత్నమ్మగారు శుక్రవారం పూజలో తుపాకీకి పెట్టే కుంకుమ లోపలికి రాలి, రంగు గుండు వచ్చిందో లేదో చూసే సెన్సర్‌ని కప్పేస్తుంది, ఇక తుపాకీ పేలదు. చర్చికెళ్లే తను బొట్టు వద్దంటే ఆవిడ మరోలా అనుకుంటారని, దూదిపుల్లతో తుడిచేసి ఊరుకుంటాడు. ఈ వారం ఎంత తుడిచినా పేలలేదు.

"ఇంక నీ వల్ల కాదేమో కృపానందం, వేరే మెకానిక్‌ని చూసుకోనా?" అన్నారావిడ.

అతను దూదిపుల్ల పక్కన పెట్టి, "మేడమ్, ఆ బొట్టు..." అన్నాడు.

"అవునయ్యా, చెరిగిపోయింది," అంటూ ఆవిడ ఈసారి రాలకుండా నూనెలో తడిపిన కుంకుమ దిద్దారు.