మోసెల్ నది మీద మా బావమరిది పడవ

మొన్న సూర్యాపేట నుంచి మిర్యాలగూడ వస్తుంటే బస్సుల ఫోన్ మోగింది. జర్మనీ నుంచి మా బావమరిది కబురు: మోకాళ్లు సహకరిస్తలేవు, పడవ అమ్మేసిన. కింద ఫోటో. తెల్లటి చిన్న పడవ మీద టోపీ పెట్టుకొని ఆయన. పక్కసీట్లామె తొంగిచూసి "ఎవలు తాతా?" అన్నది. "మా బావమరిది" అన్న. ఆ ఎర్రటి మనిషి దిక్కు, నా దిక్కు రెండుసార్లు సూసింది.

ఈ చుట్టరికం నా భార్య కలిపింది. మిర్యాలగూడ రైసుమిల్లుల నేను ఫోర్‌మన్‌గా ఉన్నప్పుడు, రంగు మారిన బియ్యం ఏరే మిషన్ బిగించడానికి ఆయన వచ్చి మూడు నెలలున్నడు. లాడ్జి తిండి పడక నీరసపడితే ఇంటికి పట్టుకపోయిన. "తిను అన్నా, సిగ్గుపడకు" అని ఆమె పెరుగన్నం ముందర పెట్టింది. ఆనాటి నుంచి పగటి అన్నం మా ఇంట్లనే. పోయేటప్పుడు తనకొచ్చిన ఇంగ్లీషుల, "రిటైరైనంక పడవ కొంట. చెల్లెను, నిన్ను మా నది మీద తిప్పుత" అన్నడు.

అన్నట్టే కొని, రమ్మని రాసిండు. అప్పటికి నా భార్య సచ్చిపోయి ఏడాదిన్నర. ఆయనకు నేను చెప్పలే. మొదట్ల రాయబుద్ధి కాలే. తర్వాత, "చెల్లె ఎట్లుంది?" అన్నప్పుడల్లా "బాగుంది" అని రాసుడు అలవాటైంది. లోకంల ఒక్క మనిషి దగ్గరన్న ఆమె ఇంకా మా వంటింట్ల తిరుగుతుండె. అది కూడా పోగొట్టుకోవాలంటే పాణం ఒప్పలే. ఆమెకు వచ్చే వీలు లేదు, నేనొక్కణ్నే వస్తనని రాసిన. కోదాడల ఉండే మా చెల్లెలు మాత్రం, "వెళ్తే వెళ్లు గానీ అన్నయ్యా, ముందు ఆయనకు నిజం చెప్పు" అన్నది.

జర్మనీల ట్రియర్ ఊర్ల పడవెక్కిన. లోపల రెండు పరుపులు, కిటికీలకు పూల పరదాలు. "చెల్లె కోసం నేనే కుట్టిన. వచ్చే యేడు వస్తది కదా?" అన్నడు. తల ఊపిన.

ఆ పడవకు తొందరనేదే లేదు. గట్టు మీద సైకిళ్ల మీద పోయే ముసలమ్మలు మమ్మల్ని దాటిపోయి చేతులూపేటోళ్లు. రెండు దిక్కుల నిట్టనిలువు గుట్టలు, వాటి నిండ ద్రాక్షతోటలు, వంపు తిరిగిన కాడల్ల ఒక ఊరు, ఒక గంట చప్పుడు. ఆయన ఆలుగడ్డలు ఉడకబెడితే నేను వాటికి మామిడికాయ తొక్కు కలిపేటోణ్ని. మంచిది ఏది కనబడ్డా "ఇటు సూడు" అని చెప్పనీకి పక్కకు తిరిగేటోణ్ని. పక్కన ఆమె ఉండకపోయేది.

నాలుగో నాడు నదికి అడ్డమున్న కట్ట కాడికొచ్చినం. రెండు గేట్ల నడుమ పడవను నిలిపితే నీళ్లు మెల్లగ కిందికి దిగుతయి. ముందు తాడు నా చేతుల, వెనక తాడు ఆయన చేతుల. తడి గోడలు పైకి లేస్తున్నయి, ఆకాశం చిన్నగవుతుంది. ఎటూ పోలేని జాగ. నోట్ల నుంచి దానంతటదే వచ్చింది.

"చెల్లె లేదు. పోయి రెండేండ్లు."

ఆయన తాడు వదలలే. గేటు తెరుచుకున్నంక పడవను గట్టుకు కట్టి నా ముందర నిలబడ్డడు.

"రెండేండ్లు నన్ను ఏడ్వనియ్యలే నువ్వు," అని దిగి, తోటల్లకు నడిచిపోయిండు.

నేనొక్కణ్నే కూసున్న. ఇంజన్ స్టార్ట్ చేసుడు కూడా రాదు నాకు. మిల్లు మొత్తం నడిపినోణ్ని, ఆ గజమంత పడవల ఎటూ కదల్లేక, ఉన్న ఒక్క మనిషిని కూడా పోగొట్టుకున్ననా అని భయపడుకుంట కూసున్న.

పొద్దు గుంకంగ వచ్చిండు. కండ్లు ఉబ్బినయి. ఎదురుగ కూసోని, "ఏమైందో మొదటి నుంచి చెప్పు" అన్నడు. జరం వచ్చిన రోజు, సూర్యాపేట దవాఖాన, కిటికీ పక్క మంచమే కావాలని ఆమె పట్టుబట్టుడు, ఆఖరి పొద్దు అన్నీ చెప్పిన. నడుమల నా ఇంగ్లీషు అయిపోయింది. మిగిలింది తెలుగులనే చెప్పిన. ఆయన ఆపలే, అర్థం అడగలే.

ఇంటికొచ్చి తలుపు తీస్తే ఇల్లు మునుపటికన్న ఖాళీగ ఉన్నది. ఇగ ఆమె ఏ మనిషి దగ్గరా బతికి లేదు. రెండేండ్లు నేను కాలాన్ని కదలనియ్యలేదని, అది మళ్ల నడవబట్టింది పడవల ఆ సాయంత్రం నుంచేనని, నాకు చానా ఆలస్యంగ తెలిసింది.