‘కలిసింది’ అన్న మా సార్

మీకు విద్య నేర్పినవాడు మీతో అబద్ధమాడాడని ఆయన పోయిన పదకొండో రోజున తెలిస్తే, ఆయన ఫొటోకి దండ వేస్తారా, వెయ్యరా? తొందరపడి జవాబు చెప్పకండి. దండ చేతిలో పట్టుకుని నేను చాలాసేపు నిలబడిపోయాను.

తార్నాకలో మా సార్ పోయారు. యూనివర్సిటీ ఆడిటోరియంలో మైకులూ స్పీకర్లూ చూసుకుని రిటైరైన మనిషి. పొద్దున టీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయారని ఆయన భార్య ఫోన్ చేసి చెప్పింది. ఆమెను నేను అమ్మ అంటాను. సార్ నాకు రెండేళ్లు గురువు. ఏ విద్యకంటారా? డీజే విద్యకు. నవ్వకండి.

నేను శనివారం శనివారం సీతాఫల్‌మండిలో గుడి దగ్గర నాలుగు మంచి మాటలు చెబుతుంటాను. నన్నెవరూ పీఠం మీద కూర్చోబెట్టలేదు. పాత పుస్తకాలు ముందేసుకుని అక్షరం అక్షరం సొంతంగా కూడబెట్టుకున్న చదువు. సంచీలో గ్రంథం లేకుండా కూరగాయలకు కూడా వెళ్లను. ఒక శనివారం, నిమజ్జనం ఊరేగింపుల్లో మోగే డీజేల మీద విరుచుకుపడ్డాను. నాదమంటే భగవంతుడు, ఆ భగవంతుణ్ణి నడిబజార్లో కొడుతున్నారు మీరు, అని మైకు అదిరేలా అరిచాను. ముందు వరుసలో ఒక పెద్దాయన కళ్లార్పకుండా నా నోటినే చూస్తున్నారు. అయిపోయాక దగ్గరికొచ్చారు.

"సామీ, డీజేని మస్తు తిట్టినవ్. రెండు పాటలు కలుపుడు వచ్చా నీకు?"

"రాదు."

"రాని పనిని ఎట్ల తిడతవ్? రేపు ఇంటికి రా. నేర్చుకో. అటెన్క తిట్టు, నేనే చప్పట్లు కొడ్త."

పౌరుషం కొద్దీ వెళ్లాను. ముందుగదిలో రెండు రికార్డు ప్లేయర్లు, బీరువా నిండా కాచిగూడ పాత సామాన్ల దుకాణాల్లో ఏరుకొచ్చిన రికార్డులు. పని ఇది: ఒక పాట గదిలో మోగుతుంటుంది. రెండో పాట హెడ్‌ఫోన్లో మీకొక్కరికే వినబడుతుంది. ఒక చెవి గదికి, ఒక చెవి హెడ్‌ఫోన్‌కి. రెండు దరువులూ ఒకే వేగంతో పడేదాకా పక్కనున్న మీటను వెంట్రుకవాసి జరుపుతూ పోవాలి. కలవకపోతే గుర్రం పరుగెత్తినట్టు టకటకమంటుంది. కలిస్తే రెండూ ఒక్క దెబ్బే.

వేగం చూపించే అంకెల మీద సార్ తెల్ల ప్లాస్టర్ అంటించారు. రికార్డు మీద పెన్సిల్‌తో వేగం రాసుకోబోతే చేతి మీద ఒక్కటిచ్చారు. "రాసుకున్నోడు వినడు సామీ." నాకెంత నచ్చిందా మాట! వేదం చెవి ద్వారానే కదా వచ్చింది!

మూడు నెలలు గుర్రమే. "నీ గుర్రం ఉప్పల్ దాటింది సామీ, పట్టుకొస్తవా?" అని వెక్కిరించేవారు. ఒక ఆదివారం మాత్రం ఎదురుగా కూర్చుని, నన్నే చూస్తూ, మెల్లగా "కలిసింది" అన్నారు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. "చెయ్యి తియ్యకు. దొరికినంకనే జారిపోతది" అన్నారు.

ఆయన ఎప్పుడూ ఎదురుగానే కూర్చునేవారు. పాట మోగుతుంటే వేరే మాట ఎత్తరు. పక్కనుంచి పిలిస్తే పలకరు. అది మౌనమనుకుని చేతులు జోడించేవాణ్ణి. ఆ మౌనం మీద రెండు శనివారాలు ప్రసంగించాను కూడా.

క్యాంపస్‌లో హాస్టల్ డే వచ్చింది. సార్ తన పాత పరిచయాలతో నాకు ఒక గంట ఇప్పించారు. మూడో పాట కలుపుతుంటే ఎదురుగా నిలబడి వేలు పైకెత్తారు, కలిసిందని. అంతలో ఒక విద్యార్థిని దగ్గరికొచ్చింది.

"అంకుల్, రెండు పాటలు కొట్టుకుంటున్నయ్. కొంచెం స్లో చెయ్యండి."

నేను మైకు అందుకున్నాను. "మా గురువు కలిసిందన్నంక లేదనేటందుకు నువ్వెవరమ్మా? గురువాక్యం మీద నమ్మకం లేని చెవికి ఏం వినబడుతది?" హాలంతా ఓ అని అరిచింది. ఆ పిల్ల మొహం ఎర్రబడింది. మెట్లు దిగి వెళ్లిపోయింది. సార్ చూశారు. తల దించుకున్నారు.

పదకొండో రోజున అమ్మ బీరువా తెరిచి, "నీకు కావల్సినవి తీస్కపో బిడ్డా" అంది. సార్ నన్నెప్పుడూ ముట్టనివ్వని కింది అరలోంచి ఒక రికార్డు తీశాను. మధ్య కాగితం మీద పెన్సిల్‌తో వేగం అంకె. ఇంకొకటి తీశాను. దాని మీదా ఉంది. అన్నింటి మీదా ఉన్నాయి, సార్ చేతిరాతే.

"అమ్మా, సార్ రాసుకునేటోళ్లా?"

"ఏం చేస్తడు మరి? చెవులు మందగిస్తున్నప్పుడే అన్నీ రాసి పెట్టుకున్నడు. నువ్వు రాకముందే పూర్తిగ పోయినయ్. ఎదురుంగ మాట్లాడితే మూతి చూసి తెలుసుకునేటోడు. పాట పెడితే ఉత్త వాన మోత లెక్క ఉంటదనేటోడు."

"మరి కలిసిందని నాకెట్ల చెప్పిండ్రు?"

"నీ మొఖం చూసి. కనుబొమ్మలు ముడి ఇడిస్తే కలిసింది అనేటోడు. చెప్పెయ్యమని ఎన్నిసార్లు అన్ననో! చెప్తే సామి రాడు, ఇంట్ల మళ్ల పాట మోగదు అన్నడు."

విద్య మొదలుపెట్టేముందు గురువూ శిష్యుడూ కలిసి చెప్పుకునే శాంతిమంత్రం ఒకటుంది. మనిద్దరి మధ్య ద్వేషం పుట్టకూడదు అనేది అందులో చివరి కోరిక. గురుశిష్యులకు ద్వేషమేమిటని ఇన్నాళ్లూ విడ్డూరపడ్డాను. ఆ బీరువా ముందు అర్థమైంది. ఋషులకు మనుషులు తెలుసు! నా మొహం చదివి, నా భ్రమనే నాకు తీర్పుగా చెప్పారు. నా చెవికి విద్య వచ్చిందో లేదో ఇక ఎవరినడగాలి? సరే, నా సంగతి పోనివ్వండి. నిజం చెప్పిన పిల్లను నిండు సభలో అవమానిస్తుంటే ఒక్క మాటతో ఆపగలిగినవాడు ఆపలేదే! ఒంటరితనానికి అబద్ధమాడారంటే అర్థం చేసుకోగలను. ఆ తల దించుకోవడాన్ని మాత్రం ఇంకా క్షమించలేకపోతున్నాను.

దండ వేశాను. రెండేళ్లు కన్నబిడ్డలా చూసుకున్న మనిషి. నాకు టీలో చక్కెర ఎంతో ఆయనకు తెలుసు. కానీ ఎప్పటిలా చేతులు జోడించలేదు.

మర్నాడు క్యాంపస్‌కి వెళ్లాను. లైబ్రరీ మెట్ల మీద దొరికింది ఆ పిల్ల.

"అమ్మా, ఆ రోజు నువ్వు చెప్పిందే నిజం. తప్పు నాది. అందరి ముందు అన్న, అందరి ముందే ఒప్పుకుంట, రాస్త కూడా. మా సార్‌కు వినబడకపోయేదంట."

ఆమె నన్ను వింతగా చూసింది. "నాకు తెలుసు కదా అంకుల్."

"నీకెట్ల తెలుసు?"

"ఆ రోజు హాల్ల నీళ్లు కావాల్నా తాతా అని పక్కన నిలబడి మూడుసార్లు పిలిచిన. తిరగలే. ఎదురుంగ పోయి అడిగితే నవ్విండు. మీకు తెల్వదా? ఆయన మీ సారే కదా?"

నా చెయ్యి సంచీలోకి వెళ్లింది. గ్రంథం తగిలింది, తియ్యకుండా వదిలేశాను.

అయ్యలారా, అమ్మలారా! ఈ కాగితం పక్కన పెట్టి లేవండి. మీకు నేర్పినవాళ్లు బతికుంటే ఇవాళే, ఈ పూటే వెళ్లండి. ఎదురుగా నిలబడి దండం పెట్టకండి. పక్కకు వెళ్లి, వెనక్కి వెళ్లి, మెల్లగా పిలవండి. తిరక్కపోతే దాన్ని మౌనమనుకోకండి. భుజం మీద చెయ్యి వెయ్యండి.