అన్న ఇంటి గీజరు

లక్ష్మీనర్సమ్మకు బతుకు మొత్తంలో విశ్రాంతి ఒక్కసారే దొరికింది. గౌతమి పుట్టినప్పుడు. ఆలేరు దగ్గరి తల్లిగారింటి పెరట్లో కాగు నిండా నీళ్లు మరుగుతుండేవి. తల్లి ఆమెను పీట మీద కూర్చోబెట్టి, ఒళ్లంతా నూనె పట్టించి, నడుము మీద చెంబుతో వేడినీళ్లు పోసేది. కాలుతోందని మొత్తుకుంటే, "కాలనియ్యి బిడ్డా. ఇప్పుడు కాలితేనే రేపు నడుం నిలవడ్తది" అనేది. తర్వాత సాంబ్రాణి పొగ, వెల్లుల్లి కారంతో అన్నం, పొద్దెక్కేదాకా నిద్ర. ఆ పురుటి రోజులు అయిపోయాక ఆమెకు నీళ్లు పోసిన మనిషి లేదు. ఆమే అందరికీ పోసింది. పిల్లకు పోసింది, జ్వరమొచ్చిన మొగుడికి పోసింది, మంచం పట్టిన అత్తకు పోసింది.

అందుకే గౌతమి నెల తప్పిందని తెలిసిన రోజే ఒక మాట అనుకుంది. పిల్లకు ఇంకేం పెట్టగలిగినా లేకపోయినా, బాలింత స్నానాలు మాత్రం తన ఇంట్లో, తన చేతి మీదుగా జరగాలి. కోరికలనేవి పెద్దగా లేని మనిషి కోరుకున్న కోరిక అది. ఆ దేవుడు దానికి కూడా ఒక గీజరును అడ్డం పెట్టాడు.

ఆమె నాచారంలో ఒక మాత్రల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది. షిఫ్టు మొత్తం నిలబడే ఉండాలి. భర్త బుచ్చిరాములు పక్క వీధిలోని ఇంజనీరింగ్ షెడ్డులో లేత్ మిషన్ నడిపేవాడు. వాళ్లుండేది పాండురంగ అనే ఆయన ఇంటి మేడ మీద, వెనక పోర్షన్లో. ఇల్లు చూడటానికి పోయిన రోజే ఊళ్ల పేర్లు కలిశాయి. ఆయనదీ ఆలేరు దిక్కే. "ఇగ ఓనరు గీనరు అనకు చెల్లె. అన్న అను, సాలు" అన్నాడు. తోడబుట్టినవాళ్లు లేని నర్సమ్మకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ ఏడే రాఖీ కట్టింది. ఆయన జాకెట్టు గుడ్డ పెట్టాడు. గౌతమి ఆయన్ని మామా అని పిలవడం మొదలుపెట్టింది. పరాయి పట్నంలో ఇంతకంటే ఏం కావాలనుకున్నారు మొగుడూ పెళ్లాలు.

అక్కడే తప్పు చేశారు. అన్న అని పిలిచాక అడగడానికి నోరు రాదు.

స్నానాల గదిలో గీజరు నీళ్లను కాచడం మానేసి చాలా కాలమైంది. ట్యాపు తిప్పితే మొదట కాస్త గోరువెచ్చగా వచ్చి, చెంబు నిండేలోపల చల్లబడేవి. నర్సమ్మ చెప్పింది. పాండురంగ, "రేపే మనిషిని పంపిస్త చెల్లె, ఫికర్ జెయ్యకు" అన్నాడు. ఆ రేపు ఎప్పటికో వచ్చింది. వచ్చిన మనిషి స్క్రూడ్రైవరుతో గీజరును రెండు దెబ్బలు కొట్టి, "బోరు నీళ్లమ్మా, లోపల కాయిల్‌కు సున్నం వట్టింది" అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. వంటింటి గిన్నెలకూ అదే సున్నం.

దసరా ముందు మాత్రం అన్న మాట నిలబెట్టుకున్నాడు. పాతది పీకించి వేరే గీజరు పెట్టించాడు. "మంచి మాలు చెల్లె" అన్నాడు. దాని మీద ఒక పక్క ఎర్ర సీతాకోకచిలుక బొమ్మ అతికించి ఉంది. కంపెనీ గుర్తు కాబోలనుకుంది నర్సమ్మ. సద్దుల బతుకమ్మ నాడు రొట్టెలు, బెల్లం కలిపి మలీద ముద్దలు చేసి మొదటి పళ్లెం అన్న ఇంటికే పట్టుకుపోయింది. దీపావళి దాటేసరికి ఆ గీజరూ చల్లబడింది.

చలికాలం వచ్చింది. ఏడో నెలలో గౌతమి పురిటికి వచ్చింది. అవి తెలంగాణ కోసం బందులు జరిగే రోజులు. బస్సు దొరక్కపోతే నర్సమ్మ కంపెనీ నుంచి నడిచొచ్చి, మోకాళ్లు పట్టుకుని మేడ మెట్లెక్కి, అప్పుడు పొయ్యి మీద నీళ్లు పెట్టేది. ఆ పొయ్యికీ గ్యాసు టైముకు వచ్చేది కాదు. బకెట్లో రాడ్ పెడితే ఇల్లంతా ఫ్యూజు ఎగిరిపోయింది. "పాత వైరింగు చెల్లె, జర జాగ్రత్త" అన్నాడు పాండురంగ. మేడ మీద కట్టెల పొయ్యి వెలిగిస్తే, మొన్ననే రంగు వేయించిన గోడ పొగచూరుతుందన్నాడు. అన్నీ నవ్వుతూనే అన్నాడు, అన్న కదా.

వీధి చివరి ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి, కొత్తది తప్ప మార్గం లేదన్నాడు. తామే పెట్టించుకుని కిరాయిలో పట్టుకుందామని నర్సమ్మ నోరు తెరిచింది. బుచ్చిరాములు తల పట్టుకున్నాడు. "అన్న అనుకుంట కిరాయిల పట్టుకుంటవా? రేపు ఊర్లె తలెట్ల ఎత్తుకోను?" అన్నాడు. పోనీ ఇల్లు మారదామా అంటే, కడుపుతో ఉన్న పిల్లను పెట్టుకుని ఎవరైనా ఇల్లు మారతారా? పురుడయ్యాక మారదామంటే మైలతో వచ్చేవాళ్లకు ఇల్లిచ్చేదెవరు? పైగా పుష్యమాసం. నర్సమ్మ ఏ దారి చూసినా దానికి ముందే ఎవరో గడియ వేసి ఉంచారు. ఆమెకు కోపం కూడా రాలేదు. కోపం రావాలన్నా ఒంట్లో కాస్త ఓపిక ఉండాలి.

గౌతమికి ఆడపిల్ల పుట్టింది. దవాఖానా నుంచి ఇంటికి తెచ్చి, మంచి రోజు చూసి, మొదటి స్నానానికి పీట వేసింది నర్సమ్మ. ఒక గిన్నె నీళ్లు కాచి తెచ్చి పోసింది. రెండో గిన్నె పొయ్యి మీద ఉండగా సిలిండరు అయిపోయింది. నూనె ఒళ్లు, సగం తడిసిన తల, బయట చలిగాలి. గౌతమి పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. నర్సమ్మ తన పాత దుప్పటి చుట్టి, కూతుర్ని గట్టిగా పట్టుకుని కూర్చుంది. తల్లిగా అంత చేతకానిదాన్నని ఆమెకు మునుపెన్నడూ అనిపించలేదు.

సరిగ్గా అదే పూట మౌలాలి నుంచి వియ్యపురాలు కమలకుమారి మనవరాలిని చూడటానికి వచ్చింది. చెడ్డ మనిషి కాదు. కోడలి వణుకు చూసి మనసాగక, "ఏమనుకోకు వదినా. మా ఇంట్ల నీళ్లకు తక్లీఫ్ లేదు. ఎల్లుండి ఆటో తీస్కొని వస్త, కోడల్ని నా ఎంట తోలియ్యి" అంది. ఆ మాటలో తప్పేం లేదు. అందుకే నర్సమ్మ కాదనలేక తలూపింది.

సాయంత్రం, మేడ మీదే ముందు పోర్షన్లో ఉండే షైనీ పాపను చూడటానికి వచ్చింది. సూర్యాపేట దిక్కు వాళ్లు, భర్త ఏదో బడిలో టీచరు. మైలని మిగతావాళ్లు గడప దగ్గరే ఆగిపోతే, షైనీ నేరుగా లోపలికొచ్చి పాపనెత్తుకుంది. నర్సమ్మ బకెట్టు మోయలేక ఆయాసపడుతుంటే అందుకుని స్నానాల గదిలో పెట్టి, అక్కడే నిలబడిపోయింది.

"అక్కా, గీ గీజరు మీ తాన్కి ఎట్లొచ్చింది?"

"దసరాకు అన్న పెట్టిచ్చిండు."

"గిది మాదక్కా. ఆ సీతాకోకచిలుక మా బిడ్డ అతికిచ్చిందే. వానకాలంల ఖరాబైతె మాకు కొత్తది పెట్టిచ్చిండు పాండురంగ సారు. దీన్ని పాత సామాన్లకు ఏస్తడనుకున్నం, రిపేరు జేపిచ్చి మీకు పెట్టిచ్చిండన్నట్టు."

నర్సమ్మ ఆ బొమ్మ వంక చూస్తూ నిలబడింది. "మీకు ఎంటనే పెట్టిచ్చిండా?"

"ఎంటనే ఏడ? రేపు మాపు అన్నడు. మా ఆయన పోయి, ఆదివారం లోపల పెట్టకుంటే మేమే పెట్టిచ్చుకొని కిరాయిల పట్టుకుంటం సార్ అన్నడు. శనివారం తెచ్చిండు." షైనీ పాపను జోకొడుతూ అంది. "మేమేం ఆయనకు సుట్టాలం గాదు గదక్కా."

ఆ రాత్రి నర్సమ్మకు మలీద పళ్లెం ఒకటే మళ్లీ మళ్లీ గుర్తొచ్చింది. నెయ్యి ఎక్కువ వేసి చేసింది మరి.

పొద్దున షిఫ్టుకు తయారై కిందికి దిగింది. బుచ్చిరాములు వద్దని సైగ చేస్తూనే మెట్ల మీద ఆగిపోయాడు. పాండురంగ వాకిట్లో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు.

"సార్" అంది నర్సమ్మ.

ఆయన ఎవరొచ్చారా అని గేటు వైపు చూశాడు. ఎవరూ లేరు.

"ఏంది చెల్లె, సార్ అంటున్నవ్?"

"గీజరు ఖరాబుంది సార్. రేపటికల్లా కొత్తది పెట్టియ్యిన్రి. లేకుంటే మేమే పెట్టిచ్చుకొని కిరాయిల పట్టుకుంటం."

పాండురంగ పేపరు మడిచాడు. "గిట్ల మాట్లాడ్తవేందే? రాఖీ గట్టినదానివి."

"ముందటోళ్లు పారేసింది నాకు పెట్టిచ్చిన్రు గద సార్."

ఆయన అబద్ధమాడలేదు, అంతవరకు మెచ్చుకోవాలి. "పరాయోళ్లు ఊకోరు చెల్లె, రచ్చ జేస్తరు. నువ్వైతే మనదానివి, సర్దుకుంటవనుకున్న."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం నిజంగానే చిన్నబోయింది. పోనీలే అన్నా అనే మాట నర్సమ్మ నాలిక చివరిదాకా వచ్చింది. చలికి వణుకుతున్న కూతురు గుర్తొచ్చి ఆ మాటను మింగేసింది.

"ఇన్నొద్దులు సర్దుకున్న సార్. ఇగ సర్దుకునే ఓపిక లేదు."

అంతే అని గేటు తీసుకుని కంపెనీకి పోయింది. దారంతా కళ్లు తుడుచుకుంటూనే ఉంది. బతికున్న అన్నను తన నోటితోనే పోగొట్టుకున్నట్టుంది ఆమెకు.

ఆమె షిఫ్టు నుంచి తిరిగొచ్చేసరికి గోడకు కొత్త గీజరు మెరుస్తోంది. అట్టపెట్టె మెట్ల కింద పడుంది. పాండురంగ పైకి రాలేదు.

మర్నాడు కమలకుమారి ఆటో దిగి పైకి వచ్చేసరికి, స్నానాల గది తలుపు సందులోంచి ఆవిరి వస్తోంది. లోపలి నుంచి "కాలుతున్నదమ్మా" అని గౌతమి మొత్తుకోవడం, "కాలనియ్యి బిడ్డా" అని నర్సమ్మ అనడం వినిపించాయి. కమలకుమారి కాసేపు నిలబడి విని, పిట్టగోడ మీంచి కిందికి వంగి ఆటోవాణ్ని పొమ్మని చెప్పింది. తర్వాత లోపలికెళ్లి పాప పక్కన కూర్చుంది.

స్నానాల గదిలో గౌతమి ఒళ్లు ఎర్రబడింది. కళ్లు మూతలు పడుతున్నాయి. చెంబు మీద చెంబు పోస్తున్న తల్లి చేతికి తల ఆనించి, మత్తుగా అంది.

"నీళ్లు మస్తు కాగినయమ్మా. జర మామకు చెప్పు, మంచిగున్నయని."

నర్సమ్మ చెంబు నిండేదాకా ఆగింది.

"మామ గాదు బిడ్డా" అంది, కూతురి నడుము మీద నీళ్లు పోస్తూ. "ఓనరు."