పాత జెట్

మా అన్నయ్య చేతిలో పడ్డ బండి కంపెనీ ఇచ్చినట్టు ఉండదు. ఉన్న సైలెన్సర్ పీకేసి గొంతు బాగా తెరుచుకున్నది పెడతాడు. గాలి డబ్బా తీసేసి బయటి ఫిల్టర్ తగిలిస్తాడు. చివరికి కార్బురేటర్ ముందు కళ్ళు మూసుకుని ఇంజిన్ మోత వింటూ కూర్చుంటాడు. పక్క కొట్లో సీటు కవర్లు కుట్టుకునే నాకు ఆ వాలకం చూస్తే ఒళ్ళు మండేది. వీధిలో అందరూ అతన్ని చెవుల డాక్టరంటారు. వదిన ఏదైనా పని చెబితే మాత్రం ఆ చెవులకు వినపడదు.

అతనికో అలవాటుంది. కార్బురేటర్‌లో జెట్ అని ఒక ఇత్తడి ముక్క ఉంటుంది. దాని సన్నటి కంతలోంచే ఇంజిన్‌కు పెట్రోలు అందుతుంది. గాలి ఎక్కువ పీల్చే బండికి పెద్ద కంత కావాలి. అన్నయ్య పెద్ద జెట్ బిగించి వింటాడు. మళ్ళీ పాతది పెట్టి వింటాడు. మళ్ళీ పెద్దది. తేడా చెవికెక్కాలట.

"ఒకసారి బిగించావుగా, ఇంకా ఎందుకు?" అంటే, "నువ్వు కుట్టేది కూర్చునేవాళ్ళ కోసంరా. నీకేం తెలుసు?" అనేవాడు.

ఆ మధ్యాహ్నం స్టాండు మీద ఉన్నది అతని కూతురి బండి. ఉద్యోగంలో చేరాక కొనుక్కుని, "నా బండి ఎప్పుడు చేస్తావు నాన్నా?" అని అతని ప్రాణం తోడేసింది. పని దాదాపు అయిపోయింది. వదిన భోజనానికి పిలిస్తే ఇంట్లోకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి స్టాండు ఖాళీగా ఉంది.

"ఊరి బయట ఒక రౌండు వేసొస్తానంది," అన్నాను, మిషను మీంచి తలెత్తకుండా.

అన్నయ్య మురిసిపోతూ పనిముట్లు సర్దడానికి వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు. రేకు మూతలో పెద్ద జెట్ పడి ఉంది.

"పాతదే లోపలుందిరా."

"ఉంటే ఏమవుతుంది?"

"మెల్లగా తిరిగితే ఏం కాదు. ఇంకా హుషారుగా కూడా ఉంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి లాగిందంటే పెట్రోలు చాలదు. పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. వెనక చక్రం బిగుసుకుపోతుంది."

ఫోన్ చేశాను. మోగుతూనే ఉంది. ఆ సైలెన్సర్ మోతలో పిల్లకేం వినపడుతుంది? ఇదంతా నీ నిర్వాకమే అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అన్నయ్య ముఖం చూసి మింగేశాను.

నా బండి మీద బయల్దేరాం. అతను నడుపుతున్నాడు, నేను వెనక. ఇన్నేళ్ళూ నా బండిని అతన్ని ముట్టనివ్వనందుకు ఆ రోజు ఏడుపొచ్చింది. అది ఎంత తిప్పినా కదిలినట్టే లేదు.  

ఊరు దాటాక రోడ్డు రెండుగా చీలింది. ఎటు వెళ్ళిందో తెలియక అన్నయ్య ఇంజిన్ ఆపాడు. ఎడమవైపు, చాలా దూరం నుంచి, ఆ మోత వినిపించింది. సన్నగా, పైకి, ఇంకా పైకి. ఎక్కడా దిగడం లేదు.

"పూర్తిగా తిప్పేసింది," అన్నాడు. తర్వాత నాతో కాదు, గాలితోనే, "వదిలెయ్యమ్మా. చేయి వదులు తల్లీ," అన్నాడు.

మోత ఆగిపోయింది. తగ్గలేదు, కోసేసినట్టు ఆగిపోయింది.

ఆ తర్వాత ఎలా వెళ్ళామో నాకు గుర్తులేదు. మలుపు తిరగగానే రోడ్డు మీద పొడవాటి నల్లటి చార, దాని చివర కంకరలో పక్కకు పడి ఉన్న బండి కనిపించాయి. పిల్ల కనిపించలేదు. అన్నయ్య బండి ఆపాడు గానీ దిగలేకపోయాడు.

"నువ్వు చూడరా. నావల్ల కాదు."

పరిగెత్తాను. రోడ్డు పక్క పల్లంలో, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. మోచేయి చీరుకుపోయింది. నన్ను చూసి వెక్కుతూ, "బాబాయ్, ఇంజిన్ పట్టేసింది. నేనే ఎక్కువ లాగాను. నాన్నకి చెప్పకు. ఎంత కష్టపడి చేశాడో," అంది.

జేబురుమాలు తీసి పిల్ల మోచేతికి చుట్టాను.

అన్నయ్య అప్పటికి వచ్చేశాడు. బండిని దాటుకుని నేరుగా వచ్చి, మోకాళ్ళ మీద కూలబడి, పిల్ల వేళ్ళు, మణికట్టు, మెడ, ఒక్కొక్కటే తడిమి చూశాడు. చూసిందే మళ్ళీ చూశాడు. వెనక్కి తిరిగి ఇంజిన్ వైపు ఒక్క చూపు కూడా చూడలేదు. దాంతో పిల్ల ఇంకా హడలిపోయింది.

"ఏంటి నాన్నా అలా చూస్తున్నావు? తిట్టు నాన్నా. ఒక్కసారి తిట్టవా?"